తమ్ముడి కోసం నీ పేరు మీద చేసిన అప్పు: ముందు రెండు లెక్కలూ వేరు చెయ్యి

అనంతపురం నుంచి రాసిన అమ్మాయికి. నాకు అర్థమైనంత వరకు నీ సంగతి ఇదీ. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌వి, జీతం 34 వేలు. తమ్ముడు సెల్‌ఫోన్ల షాపు పెడతానంటే నీ పేరు మీద 5 లక్షల పర్సనల్ లోన్ తీసి ఇచ్చావు, 14 శాతం వడ్డీ, 48 నెలలు, నెలకు 13,660 కంతు. అది చాలక వాడు ఒక వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి రెండు రూపాయల లెక్కన 2 లక్షలకు ప్రోనోటు రాశాడు, దాని మీద నువ్వు సంతకం పెట్టి, ఒక ఖాళీ చెక్కు కూడా సంతకం చేసి ఇచ్చావు. ఎనిమిది నెలలు కంతులు వాడే కట్టాడు, రెండు నెలలుగా ఆగిపోయాయి. ఇప్పుడు ఇంకో లక్షన్నర సర్దితే షాపు నిలబడుతుందంటున్నాడు, గట్టిగా అడిగితే చచ్చిపోతానంటున్నాడు, అమ్మ వాడినేమీ అనొద్దంటోంది, నీ భర్తకు ఇవేవీ తెలియవు.

నా కూతురి వయసుదానివి కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోవద్దు. కర్నూలులో ఒక బ్యాంకులో 29 ఏళ్లు పనిచేశాను, అందులో ఎక్కువ భాగం లోన్ల సెక్షన్‌లోనే. బల్లకు అవతల నీలాంటివాళ్లు ఎంతోమంది కూర్చుని ఏడ్చారు. 2012లో నేనే ఆ వైపు కూర్చున్నాను, ఆ సంగతి తర్వాత చెబుతాను.

మొదట ఒక మాట గట్టిగా చెప్పాలి. నీ మనసులో ఇదంతా ఒకటే అప్పు, 'తమ్ముడి అప్పు'. అది తప్పు. ఇక్కడ రెండు లెక్కలున్నాయి. బ్యాంకుకూ నీకూ మధ్య ఉన్నది ఒకటి, నీకూ తమ్ముడికీ మధ్య ఉన్నది ఇంకొకటి. బ్యాంకు దృష్టిలో నీ తమ్ముడనే మనిషే లేడు. డబ్బు నీ అకౌంట్లో పడింది, సంతకం నీది, ఆ 5 లక్షలు షాపుకు పోయాయా పెళ్లికి పోయాయా వాళ్లకు అక్కర్లేదు. ఈ రెండింటినీ కలిపి చూసినంత కాలం నువ్వు ప్రతి నెలా ఐదో తారీఖున తమ్ముడి ఫోన్ కోసం ఎదురు చూస్తావు, వాడు ఎత్తడు, కంతు బౌన్స్ అవుతుంది, నీ బ్యాంకు ఒక ఛార్జీ, లోన్ ఇచ్చిన బ్యాంకు ఇంకో ఛార్జీ వేస్తాయి, అప్పులు సరిగ్గా కడుతున్నావో లేదో చూపే నీ సిబిల్ స్కోరు పడిపోతుంది. వాడు కడితే కడతాను అనే మాట ఈరోజుతో ఆపెయ్యి. బ్యాంకు కంతు నీది. వాడి దగ్గర వసూలు చేసుకోవడం వేరే పని, దానికీ దారి ఉంది.

రెండు కంతులు బాకీ అంటే 27,320, ఆపైన ఛార్జీలు. బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ కింద పడుతుంది, ఆ తర్వాత బ్యాంకు మాట తీరే వేరుగా ఉంటుంది. నీకింకా టైం ఉంది. ఈ వారంలోనే బ్రాంచికి వెళ్లు, ఫోన్‌లో కాదు, మనిషిగా వెళ్లి మేనేజరును కలువు, ఒక కాగితం మీద పరిస్థితి రాసి ఇచ్చి, ఒక కాపీ మీద అందినట్టు సీలు వేయించుకో. ఎనిమిది కంతుల తర్వాత అసలు ఇంకా 4 లక్షల 35 వేల దాకా ఉంటుంది. గడువు పెంచి కంతు తగ్గించమని అడుగు. అన్ని బ్యాంకులూ ఒప్పుకోవు, కానీ ఎన్‌పీఏ కాకముందు వచ్చి అడిగినవాళ్లకూ, అయిన తర్వాత వచ్చినవాళ్లకూ మేం వేర్వేరుగా జవాబు చెప్పేవాళ్లం, ఇది నేను స్వయంగా చేసిన పని కాబట్టి చెబుతున్నాను. 'సెటిల్‌మెంట్ చేసుకోండి, కొంత మాఫీ అవుతుంది' అని ఎవరైనా ఫోన్ చేస్తే తొందరపడొద్దు. సిబిల్ రిపోర్టులో 'క్లోజ్డ్' (మొత్తం కట్టి మూసింది) అని పడటం వేరు, 'సెటిల్డ్' (కొంత మాఫీతో తేల్చింది) అని పడటం వేరు. రేపు మీ ఆయనా నువ్వూ కలిసి ఇంటి లోనుకు వెళ్తే ఆ ఒక్క మాట అడ్డం వస్తుంది.

రికవరీ వాళ్ల ఫోన్లకు భయపడకు. పొద్దున 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశం ఇచ్చింది, బెదిరించడం, చుట్టాల ముందు పరువు తీయడం కూడా కుదరదు. చేస్తే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వు, 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పెట్టొచ్చు, ఖర్చేమీ లేదు, 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెబుతారు.

ఇక ప్రోనోటు. నాకు బ్యాంకు లోను కంటే దీని గురించే ఎక్కువ దిగులు. నూటికి రెండంటే మన పల్లెల్లో మామూలు వడ్డీ లాగే వినిపిస్తుంది, కానీ ఏడాదికి 24 శాతం. నెలకు 4 వేలు, ఏడాదికి 48 వేలు కట్టినా అసలు 2 లక్షలు అలాగే కూర్చుంటుంది. పైగా నీ ఖాళీ చెక్కు వాళ్ల చేతిలో ఉంది.

ఆ నోటు మీద నువ్వు ఏ సంతకం పెట్టావో నీకు సరిగ్గా గుర్తుందా? నీ ఉత్తరంలో 'జామీను' అని రాశావు. మనవైపు జనం సాక్షి సంతకాన్నీ జామీను సంతకాన్నీ ఒకటిగానే మాట్లాడతారు, కానీ అవి ఒకటి కాదు. నోటు రాసేటప్పుడు చూశాను అని పెట్టేది సాక్షి సంతకం, సాక్షికి అప్పుతో సంబంధం లేదు. జామీనుదారుగా పెడితే అప్పు మొత్తానికీ నువ్వు బాధ్యురాలివి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం ముందు అసలు అప్పు తీసుకున్నవాడిని అడిగి, వాడు ఇవ్వకపోతేనే నీ దగ్గరికి రావాలనే నియమం కూడా లేదు, నేరుగా నీ మీదికే రావచ్చు. ఇక మీ ఇద్దరూ కలిసి నోటు రాసినట్టు ఉంటే నువ్వు జామీను కూడా కాదు, అప్పుదారువే. ఎంతోమంది ఈ తేడా తెలియక సాక్షి సంతకానికి పొలాలు అమ్ముకున్నారు, కొందరు జామీను పెట్టి సాక్షినే కదా అని నిద్రపోయారు.

చెక్కు సంగతి. ఖాళీ చెక్కు కదా, వాళ్లు నింపుకుంటే చెల్లదు అని ఎవరో చెప్పారని రాశావు. ఆ మాట నమ్మొద్దు. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కును తీసుకున్నవాడు నింపుకున్నా కేసు నిలుస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. స్టాప్ పేమెంట్ పెడితే, అకౌంటు మూసేస్తే తప్పించుకోవచ్చు అనేది కూడా అబద్ధం. చెక్కు బౌన్స్ అయితే వాళ్లు 30 రోజుల్లో నోటీసు పంపాలి, అది నీకు అందిన 15 రోజుల్లో నువ్వు కట్టాలి, కట్టకపోతే చెక్కుల చట్టం (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్) 138వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్తారు. అందుకే నోటీసు వస్తే తీసుకోకుండా తిప్పి పంపడం లాంటి పిచ్చి పని చేయకు, ఆ 15 రోజులే నీకు దొరికే అవకాశం. ఇంకొక విషయం నీకు అనుకూలంగా ఉంది. చెక్కు ఇచ్చిన తర్వాత కొంత అసలు కట్టి ఉంటే, ఆ కట్టింది చెక్కు మీద రాసుకోకుండా పూర్తి మొత్తానికి వేస్తే ఆ కేసు నిలవదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఇకమీదట ఒక్క రూపాయి కూడా చేతికి ఇవ్వొద్దు. ఫోన్‌పేలోనో బ్యాంకులోనో పంపు, అది అసలు కిందా వడ్డీ కిందా అన్నది అక్కడే రాయి, నోటు వెనక చెల్లు రాయించి ఆ పేజీ ఫోటో తీసుకో. అప్పు మొత్తం తీరిన రోజు నోటూ చెక్కూ రెండూ నీ చేతికి వచ్చిన తర్వాతే చివరి రూపాయి వదులు. నోటు ఇంట్లో ఎక్కడో ఉందమ్మా, రేపు ఇస్తాలే అంటే రేపే డబ్బిస్తానని చెప్పు, మొహమాటం వద్దు.

ఇక్కడ నా సలహా ఒకటి, దీనితో ఒప్పుకోనివాళ్లు ఉంటారు. నీ దగ్గర బంగారం ఉంటే, అది నీదే అయితే, బ్యాంకులో కుదువ పెట్టి ముందు ఈ 2 లక్షలు తీర్చెయ్యి. బ్యాంకు గోల్డ్ లోన్ నూటికి ముప్పావలా నుంచి రూపాయి లోపు పడుతుంది, అంటే నెలకు 4 వేలు పోయే చోట 2 వేల లోపే పోతుంది, చెక్కు నీ చేతికి వస్తుంది. అప్పు తీర్చడానికి అప్పు చేయకూడదు అని పెద్దలంటారు, నిజమే, కంతు కట్టడానికి కొత్త అప్పు చేస్తే మునిగిపోతాం. ఎక్కువ వడ్డీ అప్పును తక్కువ వడ్డీకి మార్చుకోవడం మాత్రం వేరే సంగతి. అత్తగారి నగలు మాత్రం ముట్టుకోవద్దు. ఫోన్‌లో ఐదు నిమిషాల్లో లోన్ అనే యాప్‌ల జోలికి అసలే పోవద్దు.

అయితే బంగారం తీయడానికి ముందు షాపును చూడు. మొబైల్ షాపు అంటే బాడుగ అడ్వాన్సు ఉంటుంది, స్టాకు ఉంటుంది, ఫర్నిచరు ఉంటుంది. నష్టానికైనా స్టాకు అమ్మి, గది ఖాళీ చేసి అడ్వాన్సు వెనక్కి తీసుకుంటే ఎంత వస్తుందో ఒక కాగితం మీద వాడి చేతనే రాయించు. వాడు 2 లక్షల చీటీ కూడా వేస్తున్నాడని రాశావు, ఈ నెలే పాడి ఆ డబ్బు నేరుగా ప్రోనోటుకు పోయేలా చూడు. కానీ జాగ్రత్త, పాడిన చీటీ డబ్బు ఇచ్చేటప్పుడు మిగతా నెలలకు జామీను అడుగుతారు, మళ్లీ నీ దగ్గరికే వస్తాడు. ఈసారి సంతకం నువ్వు పెట్టొద్దు. లక్షన్నర కొత్తగా ఇవ్వడం గురించి నేను వివరించను, ఇవ్వొద్దు, అంతే.

చచ్చిపోతానన్న మాట గురించి ఆగి రాయాలి. మన జిల్లాల్లో అప్పుల వల్ల ఎన్ని ఇళ్లు ఆరిపోయాయో నీకూ తెలుసు నాకూ తెలుసు. ఆ మాటను బెదిరింపు అని కొట్టిపారేయకు. అలాగని దానికి బదులుగా డబ్బు కూడా ఇవ్వకు, ఎందుకంటే డబ్బిస్తే వాడి దిగులు ఒక నెల వాయిదా పడుతుంది తప్ప పోదు. వాడి పక్కన కూర్చో, లెక్కలు తర్వాత అని చెప్పు, నిజంగానే అలా అనిపిస్తోందా అని నేరుగా అడుగు, అలా అడిగితే ఆలోచన పుడుతుందనేది తప్పు అభిప్రాయం. కొన్నాళ్లు ఒంటరిగా ఉండనివ్వొద్దు, నాన్నకో దగ్గరి స్నేహితుడికో చెప్పి ఉంచు. 14416 టెలిమానస్ నంబరు, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి, ప్రభుత్వానిదే, రాత్రి పగలు తెలుగులో మాట్లాడతారు, నువ్వు కూడా చేయొచ్చు, వాడి కోసమే కానక్కర్లేదు. మా బ్రాంచికి తుగ్గలి వైపు నుంచి ఒక రైతు వచ్చేవాడు, తొలకరికి పొలాల్లో వజ్రాలు వెతికేవాళ్లు ఉంటారే, ఆయనా వెళ్లేవాడు, ఒక్క రాయి దొరికితే మీ బాకీ మొత్తం కడతాను సార్ అనేవాడు. ఆయనకు కావాల్సింది రాయి కాదు, అప్పు ఎంత ఉందో, నెలకెంత కడితే ఎప్పటికి తీరుతుందో ఎవరైనా పక్కన కూర్చుని రాసి చూపించడం. రాసి చూపించిన రోజు ఆయన ముఖం నాకింకా గుర్తుంది. నీ తమ్ముడికీ ఎవరూ అలా రాసి చూపించి ఉండరు.

ఇప్పుడు నా సంగతి. మా చిన్నాయన కొడుకుది పత్తికొండ దగ్గర పల్లె. సెకండ్ హ్యాండ్ ట్రాక్టరుకు ఒక ప్రైవేటు ఫైనాన్స్‌లో 3 లక్షల 20 వేలు తీసుకున్నాడు, జామీను నేను. నేను బ్యాంకులో పనిచేసేవాడిని, అన్నీ తెలిసినవాడిని, అయినా చిన్నాయన ఇంటికొచ్చి 'నువ్వు కాక ఎవరున్నారురా' అంటే కాగితం చదవకుండానే పెట్టేశాను. వానల్లేక శనక్కాయ పోయింది, టమోటాకు కోత కూలి కూడా రాలేదు. ట్రాక్టరు ఎత్తుకుపోయి వేలం వేశారు, వచ్చింది పోను 1 లక్షా 70 వేలు నా మీదకొచ్చింది. నా భార్యకు ఏడు నెలలు చెప్పలేదు. ఒకరోజు రిజిస్టర్ పోస్టులో వచ్చిన నోటీసును ఆమే సంతకం పెట్టి తీసుకుంది. ఆమె డబ్బు గురించి ఒక్క మాట అనలేదు. 'ఏడు నెలలు నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నావు' అంది. ఆ అప్పు తీరడానికి నాకు రెండేళ్లు పట్టింది, ఆ మాట తీరడానికి ఎంత పట్టిందో చెప్పలేను.

అందుకే నీ భర్తకు చెప్పు, ఈ వారమే, నోటీసు చెప్పకముందే. రాత్రి పడుకోబోయే ముందు కాదు, సెలవు రోజు పొద్దున, పిల్లలు పక్కన లేనప్పుడు. లోన్ స్టేట్‌మెంటు, ప్రోనోటు ఫోటో, చెక్కు నంబరు, నీ జీతంలో ఎంత మిగులుతుందో రాసిన కాగితం, అన్నీ ముందు పెట్టి ఒకేసారి మొత్తం చెప్పు. సగం చెప్పి సగం దాస్తే ఆ దాచిన సగం బయటపడిన రోజు మొదటి సగాన్ని కూడా నమ్మరు. కోపం వస్తుంది, రానివ్వు. ఒక మాట మాత్రం ఆయనకు ధైర్యంగా చెప్పొచ్చు. ఆయన ఎక్కడా సంతకం పెట్టలేదు కాబట్టి ఆయన జీతానికి గానీ ఆయన ఆస్తికి గానీ ఈ అప్పుతో సంబంధం లేదు. నీ జీతం మొత్తం జప్తు చేస్తారన్న భయం కూడా వద్దు. కోర్టు డిక్రీ వచ్చినా మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. నీ 34 వేలలో నెలకు 11 వేలకు మించి జప్తు కాదు.

మా చిన్నాయన కొడుకుతో నేను తర్వాత చేసిన పని నువ్వు ఇప్పుడే చెయ్యి. కాగితం రాయించు. చిన్నాయన మొదట నొచ్చుకున్నాడు, సొంతవాళ్ల మధ్య కాగితాలేంది అన్నాడు. నేనన్నాను, కాగితం లేకపోతే నేను వాడిని కనపడినప్పుడల్లా మనసులో తిట్టుకుంటాను, ఉంటే ఏడాదికోసారే అడుగుతాను అని. ప్రతి ఏడూ శనక్కాయ అమ్మిన తర్వాత 25 వేలు అని రాసుకున్నాం. రెండేళ్లు పంట రాక ఇవ్వలేకపోయాడు, అయినా ఏడు కంతుల్లో 2021కి తీర్చేశాడు. మేమిద్దరం ఇప్పటికీ మాట్లాడుకుంటున్నామంటే ఆ కాగితం వల్లే.

నీ తమ్ముడు తన చేతిరాతతో రాయాలి. ఫలానా తేదీన అక్క తన పేరు మీద లోను తీసి నా అకౌంటుకు ఇంత పంపింది, ఇంకా ఇంత ఉంది, నెలకు ఇంత ఇస్తాను అని. ఆ మొత్తానికి రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి ప్రోనోటు కూడా తీసుకో. ఇద్దరు సాక్షులు, ఒకరు నాన్న అయితే మేలు. ఎంత ఇవ్వగలడో అంతే రాయి, ఎక్కడైనా 15 వేల జీతానికి చేరినా నెలకు 5 వేలు ఇవ్వగలడు, 13 వేలు అని రాయించి రెండో నెలకే తప్పేలా చేయొద్దు. నోటుకు మూడేళ్లే గడువు, అది దాటకముందే ఎంతో కొంత చెల్లు వేయించి సంతకం తీసుకుంటే మళ్లీ మూడేళ్లు వస్తుంది. వడ్డీ వ్యాపారికి జామీనుగా నువ్వు కట్టింది కూడా తమ్ముడి దగ్గర వసూలు చేసుకునే హక్కు నీకు చట్టంలోనే ఉంది, అందుకే కట్టిన ప్రతిదానికీ రుజువు దాచుకో. తమ్ముడి మీద కేసు వేయమని నేను చెప్పడం లేదు. వేయాల్సిన అవసరం రాకుండా ఉండాలంటేనే ఈ కాగితం కావాలి.

అమ్మ విషయం. 'ఆడపిల్లవి, మీ ఇంట్లో నీకేం తక్కువ, వాడు నిలదొక్కుకోవాలి' అంటోందని రాశావు. అమ్మ మీద కోపం తెచ్చుకోకు, ఆమెకు తెలిసిన న్యాయం అదే. కానీ ఈ గొడవల్లో ఎప్పుడో ఒకసారి పొలం మీద బ్యాంకు లోను తెస్తాం, నువ్వొచ్చి ఒక సంతకం పెట్టు అంటారు. ఆ కాగితం చదువు. హక్కు విడుదల పత్రం, అంటే నీ వాటా వదులుకుంటున్నట్టు రాసింది అయితే పెట్టొద్దు. పూర్వీకుల ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే ఇచ్చింది, దేశమంతా 2005లో వచ్చింది. నాన్న నీ నష్టాన్ని పొలంలో సర్దాలనుకుంటే మంచిదే, అది రిజిస్ట్రేషన్ ఆఫీసులో రాతపూర్వకంగా జరగాలి, నోటి మాటగా వద్దు.

వడ్డీ వ్యాపారి మొండికేస్తే లాయరుకు డబ్బులెక్కడివని ఆగిపోకు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, అనంతపురం కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గరికి వెళ్లు, లేదంటే 15100కి ఫోన్ చెయ్యి. కేసు పడకముందే లోక్ అదాలత్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టి వడ్డీ తగ్గించి వాయిదాలు రాయిస్తారు, అక్కడ రాసుకున్నది కోర్టు తీర్పుతో సమానం, దాని మీద అప్పీలు లేదు. నేను బ్యాంకు తరఫున ఎన్నోసార్లు అక్కడ కూర్చున్నాను, పెద్దమనుషుల పంచాయితీ కంటే నూరుపాళ్లు నయం.

వీటన్నిటికంటే ముందు ఒక చిన్న పని ఉంది. ఆ వడ్డీ వ్యాపారి దగ్గరికి తమ్ముడినే పంపి, ప్రోనోటు ముందు వెనక రెండు వైపులా ఫోటో తీయించుకో, అప్పుదారుగా వాడికి అడిగే హక్కుంది. నీ సంతకం పైన ఏ మాట రాసుందో, వెనక ఇప్పటిదాకా ఎన్ని చెల్లులు పడ్డాయో చూసి నాకు రాయి. సాక్షి అని ఉంటే నేను పైన చెప్పినదాంట్లో సగం మారిపోతుంది.